మన నెట్ కోసం నిచ్చెన ఎక్కేది ఎవరు? తీగల మీద 170 ఏళ్ల చరిత్ర

ఈ వీడియో మీరు వైఫైలో చూస్తున్నట్టయితే ఒక్క నిమిషం పాజ్ చేసి బయటికి వచ్చి చూడండి. మీ ఇంటి గోడ నుంచి ఒక సన్నని నల్ల తీగ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దాకా పోతుంటది. ఆ స్తంభం మీద చుట్టలు చుట్టలుగా ఇంకో పది పదిహేను తీగలు వేలాడుతుంటాయి. మా మంచిర్యాలలో ఐబీ చౌరస్తా నుంచి బెల్లంపల్లి చౌరస్తా దాకా తల పైకెత్తి నడిస్తే ఆకాశం కంటే ముందు ఈ తీగలే కనిపిస్తాయి. వాటిని అక్కడ కట్టింది మిషన్ కాదు. ఒక మనిషి నిచ్చెన వేసుకుని, ఎక్కి, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో కట్టాడు.

ఆ మనిషి పడిపోతే ఏమైతది? ఎవరు లెక్క రాస్తారు? ఎవరు డబ్బులిస్తారు? ఇవాళ్టి ఎపిసోడ్ దీని గురించే. ఇది చరిత్ర ఎపిసోడ్, కాబట్టి చాలా వెనక్కి పోదాం.

మన దేశంలో తీగ లాగడం మొదలుపెట్టింది ఒక డాక్టర్. పేరు విలియం ఓషానెసీ. ఐర్లాండ్ మనిషి, కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. 1839లో కలకత్తా దగ్గర వెదురు బొంగులు పాతి, వాటి మీద తీగ కట్టి టెలిగ్రాఫ్ ప్రయోగం చేశాడు. 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ వైపు అసలు లైన్ మొదలైంది. 1855లో టెలిగ్రాఫ్ మామూలు జనానికి అందుబాటులోకి వచ్చింది. ఇక అక్కడి నుంచి తీగ ఎక్కడికి పోతే స్తంభం అక్కడికి పోయింది, స్తంభం ఎక్కే మనిషి కూడా పోయాడు. మన వైపు 1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. పట్టాల పక్కనే టెలిగ్రాఫ్ స్తంభాలు. మంచిర్యాల మీద నుంచి మద్రాసుకు, ఢిల్లీకి వార్తలు పోయాయి.

1885లో ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం వచ్చింది. స్తంభం ఎక్కడ పాతొచ్చు, ఎవరి పొలం మీద నుంచి తీగ లాగొచ్చు, నష్టం జరిగితే పొలం ఆసామికి ఏమివ్వాలి, అన్నీ అందులో ఉన్నాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం దాని స్థానంలోకి వచ్చేదాకా, అంటే దాదాపు 140 ఏళ్లు అదే నడిచింది. చివరి టెలిగ్రామ్ 2013 జూలైలోనే వెళ్లిపోయింది, చట్టం మాత్రం ఇంకో పదేళ్లు బతికింది. అయితే ఆ చట్టం చూసేది తీగ హక్కు గురించి. తీగ ఎక్కేవాడి ఎముకలు దాని సబ్జెక్టు కాదు.

ఇప్పుడు ఒకసారి అమెరికా పోయొద్దాం. ఎందుకో ఆఖర్లో మీకే అర్థమైతది.

1880లలో న్యూయార్క్ నగరం మన బెల్లంపల్లి చౌరస్తాకు తాతలాగా ఉండేది. టెలిగ్రాఫ్, టెలిఫోన్, కరెంటు దీపాల తీగలు, ఎవరి కంపెనీవి వాళ్లవి, అన్నీ స్తంభాల మీద గజిబిజిగా. 1889 అక్టోబర్ 11 మధ్యాహ్నం జాన్ ఫీక్స్ అనే లైన్‌మెన్ టెలిగ్రాఫ్ తీగ బాగు చేయడానికి ఒక స్తంభం ఎక్కాడు. వెస్ట్రన్ యూనియన్ అనే టెలిగ్రాఫ్ కంపెనీలో పని. టెలిగ్రాఫ్ తీగలో ఉండేది చిన్న కరెంటు, ప్రాణం తీసేది కాదు. కానీ అక్కడికి కొంత దూరంలో ఎక్కడో ఆ తీగ హై వోల్టేజ్ దీపాల తీగకు తగిలి ఉంది. ఫీక్స్‌కు ఆ సంగతి తెలియదు. నగరం నడిమధ్యలో, వేల మంది చూస్తుండగా తీగల్లోనే ప్రాణం పోయింది. శరీరాన్ని కిందికి దించడానికి ముప్పావుగంట దాకా పట్టింది.

తీగలన్నీ భూమిలోపలికి పంపాలని అక్కడ 1884లోనే చట్టం చేశారు. కంపెనీలు పట్టించుకోలేదు. ఫీక్స్ చావు తర్వాత జనం కోపం చూసి మేయర్ హ్యూ గ్రాంట్ స్తంభాలు నరికించాడు. ఆ తర్వాతే తీగలు భూమిలోకి పోవడం జోరందుకుంది.

ఇంకో సంగతి. 1891లో సెయింట్ లూయిస్‌లో పది మంది ప్రతినిధులు కూర్చుని కరెంటు కార్మికుల జాతీయ యూనియన్ పెట్టుకున్నారు. దాని మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్, స్వయంగా లైన్‌మెన్. 1896లో వాషింగ్టన్‌లో పనిలో ఉండగా షాక్ తగిలి స్తంభం మీద నుంచి పడ్డాడు, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. యూనియన్ నాయకుడినే స్తంభం వదల్లేదు. ఆయన కేసులో ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి: షాక్ మొదలుపెట్టింది, పడటం ముగించింది. ఇది మళ్లీ వస్తది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు వచ్చింది. లైన్‌మెన్ అంటే ప్రభుత్వ ఉద్యోగి. జీతం, పెన్షన్, ప్రమాదం జరిగితే ఫైలు, వెనకాల యూనియన్. 1999 ఫిబ్రవరిలో బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడగొట్టారు. 2000లో డిస్కమ్‌లు వచ్చాయి. మన మంచిర్యాల, ఆదిలాబాద్, కరీంనగర్ అంతా వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కమ్ కిందికి పోయింది. కాంట్రాక్టు పని పెరిగింది. 2017లో తెలంగాణలో దాదాపు 23 వేల మంది అవుట్‌సోర్సింగ్ విద్యుత్ కార్మికులను ఆర్టిజన్లుగా తీసుకున్నారు.

కరెంటోళ్ల పని సేఫ్ అని నేను అనడం లేదు. కానీ వాళ్లకు ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటారు, అంటే లైన్ క్లియర్. ఫలానా ఫీడర్ ఆపాం, పని చేసుకో అని. పని అయ్యాక ఎల్‌సీ వాపస్ ఇస్తేనే కరెంటు వదలాలి. ఉద్యోగంలో చేరాలంటే పోల్ ఎక్కే టెస్టు కూడా ఉంటది. సిద్దిపేట జిల్లాకు చెందిన శిరీష గుర్తుందా? జూనియర్ లైన్‌మెన్ పోస్టుకు ఆడవాళ్లు పనికిరారంటే హైకోర్టుకు పోయి, 8 మీటర్ల స్తంభం ఎక్కి చూపించి, 2021లో ఉద్యోగం తెచ్చుకుంది. ఎక్కడం కూడా ఒక నైపుణ్యమని, దానికి పరీక్ష ఉండాలని డిస్కమ్ ఒప్పుకున్నట్టే కదా.

ఇప్పుడు అదే స్తంభం మీద రెండో మనిషిని చూడండి. కేబుల్ అన్న.

1991 జనవరిలో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ లైవ్‌లో చూపించింది. మన దేశంలో పెద్ద హోటళ్లలో డిష్‌లు పెట్టుకుని చూశారు. అదే ఏడాది స్టార్ టీవీ, 1992లో జీ, 1995లో తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. డిష్ అందరూ కొనలేరు. కాబట్టి ఊరికో కుర్రాడు ఒక డిష్ పెట్టి, అక్కడి నుంచి ఇళ్లకు తీగ లాగాడు. స్తంభాలు పాతే డబ్బు అతని దగ్గర లేదు. కరెంటు స్తంభం ఉంది కదా, దానికే కట్టాడు. సింగరేణి క్వార్టర్స్‌లో, శ్రీరాంపూర్, మందమర్రి కాలనీల్లో ఇంటింటికీ కేబుల్ వచ్చింది ఇట్లనే. నా చిన్నప్పుడు మా వీధిలో కేబుల్ అన్నంటే హీరో. 2011 వరల్డ్ కప్ ఫైనల్ రోజు ఇన్నింగ్స్ మధ్యలో బొమ్మ పోతే, అన్న భుజం మీద నిచ్చెనతో వస్తుంటే వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చింది. 2025 జనవరి దాకా ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాల్సి ఉండేది. ఏ ప్రోగ్రాం వేయొచ్చు, ఏది వేయొద్దు అని ప్రోగ్రాం కోడ్ ఉంది. తెర మీద ఏం రావాలో వివరంగా రాశారు. ఆ బొమ్మ కోసం స్తంభం ఎక్కే మనిషికి బెల్టు ఉండాలా, ట్రైనింగ్ ఉండాలా అన్నది ఆ చట్టం పట్టించుకోలేదు. తర్వాత సెట్ టాప్ బాక్సులు వచ్చాయి, ఇప్పుడు ఫైబర్ వచ్చింది. చాలా చోట్ల అదే ఆపరేటర్, అదే స్తంభం, అదే వెదురు నిచ్చెన. తీగ మాత్రం మారింది.

కేబుల్ అన్నకు ఎల్‌సీ లేదు. పైన కరెంటు నడుస్తుండగానే కింద పని చేస్తాడు. సరే, అసలు ఎట్ల పడతారు? బీటెక్ చదివినందుకు కొంచెం ఫిజిక్స్ చెప్పనివ్వండి.

ఒకటి, కోణం. నిచ్చెన నాలుగు అడుగులు పైకి పోతే, కాళ్లు ఒక అడుగు బయటికి ఉండాలి. అంటే దాదాపు 75 డిగ్రీలు. 20 అడుగుల ఎత్తులో ఆనిస్తే కింద 5 అడుగుల దూరం. మన గల్లీల్లో 5 అడుగుల జాగా ఎక్కడిది? డ్రైనేజీ ఒక పక్క, పార్క్ చేసిన బండి ఇంకో పక్క. నిచ్చెన నిలువుగా పెడితే వెనక్కి వాలిపోతది. మరీ ఏటవాలుగా పెడితే సీసీ రోడ్డు మీద ఇసుకలో కాళ్లు జారిపోతాయి.

రెండు, ఆనించే చోటు. సిమెంటు స్తంభం సన్నగా ఉంటది, నిచ్చెన రెండు కొనలకు మధ్య అది ఒక్కటే ఆధారం. పక్కకు వంగి తీగ అందుకున్నారంటే నిచ్చెన పక్కకే తిరుగుతది. స్తంభం కాకుండా నడి వీధిలో తీగకే ఆనిస్తే ఇంకా ప్రమాదం. మనిషి బరువుకు తీగ కుంగుతది, కోణం మారుతది. పాత తీగైతే తెగొచ్చు కూడా.

మూడు, షాక్. కేబుల్ తీగ పైన ఉండే పల్చని లోహపు జాలికి ఎక్కడో ఒక చోట సర్వీస్ వైరు ఒరుసుకుని కరెంటు ఎక్కి ఉంటది. జాన్ ఫీక్స్ కథే మళ్లీ. అది ప్రాణం తీసేంత కరెంటు కానవసరం లేదు. చిన్న జర్కు చాలు, చెయ్యి వదులైతది. హెన్రీ మిల్లర్ కథ మళ్లీ. వానలో తడిసిన వెదురు కూడా కరెంటును మోస్తది. అల్యూమినియం నిచ్చెన సంగతి చెప్పక్కర్లేదు.

6 మీటర్ల నుంచి పడితే నేల తగలడానికి పట్టే టైం 1.1 సెకను. తగిలేటప్పటి వేగం గంటకు 39 కిలోమీటర్లు. 3 మీటర్ల నుంచి పడినా 28 దాకా ఉంటది. బైక్ మీద ఆ స్పీడుతో గోడను గుద్దినట్టు ఊహించుకోండి. కాళ్ల మీద పడ్డా అదృష్టమని అనుకోలేం. మడమ ఎముక పగులుతది, ఆ దెబ్బ కాళ్ల నుంచి పైకి పోయి నడుము దగ్గర వెన్నుపూసను నలిపేస్తది. వెన్నుపాము దెబ్బతింటే నడుము కింద స్పర్శ ఉండదు. పాతికేళ్ల మనిషికి ఇక జీవితాంతం మంచం, వీల్‌చెయిర్.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని ఒక లెక్క చెప్తా. అమెరికాలో 2011లో ఒక్క ఏడాది పనిలో నిచ్చెన మీద నుంచి పడి 113 మంది చనిపోయారు. దాదాపు 34 వేల మంది ఎమర్జెన్సీకి వెళ్లారు. ఇది వాళ్ల ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రచురించిన లెక్క. అక్కడి వృత్తి భద్రత సంస్థ నియోష్, నిచ్చెన కోణం సరిగ్గా ఉందో లేదో ఫోన్ సెన్సర్‌తో చెప్పే ఫ్రీ యాప్ కూడా తయారు చేసింది. మీ ఫోన్‌లో రీల్స్ తిప్పే సెన్సరే అది.

మన దగ్గర? జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రతి ఏడాది ప్రమాద మరణాల పుస్తకం వేస్తది. అందులో ఎత్తు నుంచి పడి చనిపోయినవాళ్లు అని ఒక వరుస ఉంటది. బావిగోడ మీద నుంచి పడ్డవాడు, మేడ మీద నుంచి పడ్డవాడు, స్తంభం మీద నుంచి పడ్డ కేబుల్ అన్న, అందరూ అదే వరుసలో. నిచ్చెన అన్న మాట అందులో లేదు.

మంచిర్యాలలో ఉండి నేను దీన్ని ఇంకో రకంగా చూస్తా. ఇది బొగ్గు బాయిల ఊరు. బాయిలో ఒక మనిషికి పెద్ద దెబ్బ తగిలితే చట్టం ప్రకారం నోటీసు పోవాలి, ప్రాణం పోతే గనుల భద్రత డైరెక్టరేట్ నుంచి అధికారులు వచ్చి విచారించాలి. అది సరిపోతుందా అంటే సరిపోదు, బాయిల్లో ఇప్పటికీ ప్రాణాలు పోతున్నాయి. కానీ ప్రతి చావుకు ఒక కాగితం ఉంది. అదే బాయి దగ్గరి కాలనీలో స్తంభం మీద నుంచి పడ్డవాడికి పోలీస్ స్టేషన్ కాగితం తప్ప ఇంకేం ఉండదు. భూమి కింద పడితే లెక్క, భూమి పైన పడితే లెక్క లేదు.

ఎత్తు ఎక్కే పని మన తెలంగాణకు కొత్త కాదు. గీత కార్మికులు తరతరాలుగా తాళ్లు ఎక్కుతున్నారు, నడుము చుట్టూ, చెట్టు చుట్టూ మోకు వేసుకుని. కరెంటు లైన్‌మెన్ బెల్టు కూడా అదే ఐడియా. అయినా తాళ్ల మీద నుంచి పడి ఎందరో చనిపోయారు. గీత కార్మికులు ఏళ్ల తరబడి అడిగితే 2024 జూలైలో లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలైంది. సంఘంగా నిలబడ్డారు, అడిగారు, తెచ్చుకున్నారు. కేబుల్ అన్నలకు అట్లాంటి కిట్ ఎవరూ ఇవ్వలేదు.

ఇక 2025 ఆగస్టు. హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం మొదలుపెట్టారు. నెట్ పోయిందని జనం, వ్యాపారం పోయిందని కంపెనీలు. కేసు హైకోర్టుకు పోయింది. న్యూయార్క్‌లో 1889లో జరిగింది మళ్లీ చూసినట్టు అనిపించింది నాకు. ఒక తేడా ఉంది. అక్కడ తీగలు భూమిలోకి పోయాయి. ఇక్కడ కత్తిరించిన తీగను మళ్లీ కట్టాలంటే మళ్లీ నిచ్చెన వేయాల్సింది ఆ కేబుల్ కుర్రాడే. భూమిలోకి పంపడం మనకు చేతకాని పని కూడా కాదు. మిషన్ భగీరథ నీళ్ల పైపుల వెంట టీ-ఫైబర్ కోసం గొట్టాలు వేశారు. పక్క రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ వేల కిలోమీటర్లు కరెంటు స్తంభాల మీదే లాగింది, ఎందుకంటే అది తొందర, అది చౌక. ఆ చౌకలో కొంత భాగం ఎక్కేవాడు కడుతున్నాడు.

ఇప్పుడు డబ్బు సంగతి. స్తంభాలు ఎక్కే తమ్ముళ్లు ఈ వీడియో చూస్తుంటే ఇది మీ కోసం. పనిలో దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది. తప్పు ఎవరిది అని చూడదు, పని వల్ల, పనిలో ఉండగా జరిగిందా అని చూస్తది. చనిపోతే నెల జీతంలో సగం, శాశ్వతంగా పూర్తిగా పని చేయలేకపోతే 60 శాతం, దాన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు. 25 ఏళ్లకు ఆ అంకె 216.91. జీతం 15 వేలు అనుకుంటే చావుకు 16,26,825 రూపాయలు, పూర్తి వైకల్యానికి 19,52,190 రూపాయలు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల 1996 చట్టంలో కూడా నిర్మాణ పని నిర్వచనంలో టెలివిజన్, టెలిఫోన్ పనుల నిర్మాణం, రిపేరు, మెయింటెనెన్స్ పేరుపేరునా ఉన్నాయి. అంటే కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు మాకు వర్తిస్తదా అని మీరు లేబర్ ఆఫీసులో అడగొచ్చు. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టాలు కొత్త లేబర్ కోడ్‌లలో కలిశాయి, సగం, 60 శాతం లెక్క మాత్రం కొనసాగుతోంది.

అయితే అసలు చిక్కు ఎక్కడంటే, నువ్వు అతని దగ్గర పని చేస్తున్నావని రుజువేది? అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, పే స్లిప్ లేదు. ఇక్కడే మీ ఫోన్ పనికొస్తది. జీతం చేతికి కాకుండా యూపీఐలో వేయించుకోండి. ఫలానా ఇంట్లో నెట్ పోయింది చూడు అని ఓనర్ పంపే వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి. పని చేస్తున్న ఫొటోలు డేట్‌తో ఉంచుకోండి. రేపు లేబర్ ఆఫీసర్ ముందు ఇవే మీ కాగితాలు. దాంతో పాటు బ్యాంకులో ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు. ఇది యజమాని ఇవ్వాల్సిన దానికి బదులు కాదు, అదనం.

చిన్న ఆపరేటర్లను విలన్లు చేయడం నా ఉద్దేశం కాదు. చాలామంది తామే నిచ్చెన ఎక్కి, తామే పడినవాళ్లు. పెద్ద కంపెనీ బిల్లులో తన వాటా తీసుకుంటది, రిస్కు మాత్రం కింద ఉన్న ఇద్దరు ముగ్గురు మనుషుల దగ్గర ఆగిపోతది. బెల్టు, హెల్మెట్, ఫైబర్‌గ్లాస్ నిచ్చెన ఇవ్వకుండా లైన్ పని చేయించొద్దని రూలు పెట్టాల్సింది, ఖర్చు భరించాల్సింది పైన ఉన్నవాళ్లు.

మన వంతు కూడా ఉంది. వానలో, చీకట్లో ఫోన్ చేసి ఇప్పుడే రావాలని అరవకండి. మొబైల్ డేటాతో ఒక రాత్రి గడుస్తది. అన్న వస్తే కింద నిచ్చెన పట్టుకోండి, అదేం నామోషీ కాదు. ఎవరైనా పడితే ముందు కరెంటు తీగ తగిలి ఉందేమో చూడండి, ఉంటే ముట్టుకోకండి, కరెంటు ఆపించండి. 108కి ఫోన్ చేయండి. లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు, ముఖ్యంగా బైక్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు. విరిగిన వెన్నుపూస ఆ బైక్ కుదుపులకే వెన్నుపామును కోసేయొచ్చు. తల, మెడ కదలకుండా పట్టుకుని అంబులెన్స్ కోసం ఆగండి.

మీ వీధి కేబుల్ అన్న పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఈసారి వచ్చినప్పుడు అడగండి. బెల్టు ఉందా అని కూడా అడగండి. లేదంటే ఈ ఎపిసోడ్ లింకు అతనికి, అతని ఓనర్‌కు ఇద్దరికీ పంపండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి.